తొమ్మిదో గడి

జనవరి 6

వదినను ఈరోజు స్కేలు ఎక్కించాను. ఎనభై ఎనిమిది పాయింట్ ఆరు. ఎక్కి గట్టిగా కళ్ళు మూసుకుని, ఈ పార్సిలు ఏ ఊరికో అడ్రసు మాత్రం సరిగ్గా రాయమంది. పార్సిల్ ఆఫీసు కౌంటర్లో ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మూటలు తూస్తున్న మనిషి. తనను తాను తూచుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. మోకాళ్ళ నొప్పులు, పన్నెండేళ్ళ షుగరు, మెట్లెక్కితే ఆయాసం. అన్నయ్య పోరు పడలేక వచ్చింది. ఆయుర్వేదం డాక్టరు ఇంట్లో ఉండి వదిన ఇలా ఉంటే నీకే అప్రతిష్ఠ కదా, అందుకని వచ్చానంటూ నా మీదే పెట్టింది.

కేసు షీటు తీశాను. నాన్న తయారుచేసిన షీటునే ఇప్పటికీ అచ్చు వేయిస్తున్నాను. ఎనిమిది గళ్ళు. నాడి, మూత్రం, మలం, నాలుక, గొంతు, ఒళ్ళు తాకితే తెలిసే వేడీ చలవా, కళ్ళు, ఆకారం. ఎనిమిదీ నిండితే తప్ప నాన్న కలం మందు పేరు రాసేది కాదు. అడుగున తొమ్మిదో గడి నేను కలిపింది. బరువు. నాన్న రోజుల్లో ఈ గదిలో తూకం వేసింది మూలికలనే.

నాడి చూద్దామని చెయ్యి పట్టుకోబోతే చక్కిలిగింతలంటూ లాక్కుంది. ఇరవై ఆరేళ్ళ నుంచి చూస్తున్నావు, నా నాడి నీకు తెలీదా తల్లీ అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మిగతా ప్రశ్నలకు నాకే మొహమాటమేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళను, విరేచనం ఎలా అవుతోంది, రంగేమిటి అని రెప్ప వేయకుండా అడుగుతాను. వదినను ఎలా అడగను? తరవాత రాసుకుందాంలే అని తొమ్మిదో గడి ఒక్కటీ నింపి, పొద్దుటికి కషాయం, పడుకునేముందు వేసుకోవడానికి చూర్ణం ఇచ్చాను. షుగరు మాత్రలు మాత్రం ఆపొద్దన్నాను. ఆ ఒక్క విషయంలో నేనెప్పుడూ అజాగ్రత్తగా లేను.

జనవరి 7

వదిన మొదటి గుక్క తాగి, ఇది కషాయమా, మరదలి పగా అని అన్నయ్యను అడిగిందట.

ఫిబ్రవరి 10

ఎనభై నాలుగు పాయింట్ ఒకటి. నేను అనుకున్నదానికంటే ఎక్కువే తగ్గింది.

ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంటు పార్టీ, కేకు మూడు ముక్కలు తిన్నానని తనే ఒప్పుకుంది. నడక కూడా వారంలో రెండు రోజులేనట. అయినా తగ్గింది. నా మందు కేకును కూడా లెక్కచేయలేదని లోపల పొంగిపోయాను. పైకి మాత్రం కోపం నటించాను.

ఇప్పుడు వచ్చే పేషెంట్లలో మూడొంతులు బరువు వాళ్ళే. కీళ్ళనొప్పుల ముసలమ్మలు మెట్లెక్కలేమని రావడం తగ్గించారు, నేనూ కిందకు దిగి చూడ్డం తగ్గించాను. బోర్డు మీద నాన్న పేరు కింద వెయిట్ మేనేజ్‌మెంట్ అని పెద్ద అక్షరాలు వేయించాను. ఆయన ఫోటో నా కుర్చీకి ఎదురుగా ఉండేది. వెలుతురు సరిపోవడం లేదని సాకు చెప్పి, పోయిన నెలలో బల్ల అటు తిప్పేశాను. ఇప్పుడు ఆయన నా వీపు చూస్తున్నారు.

ఏప్రిల్ 21

డెబ్బై ఏడు పాయింట్ మూడు.

వదిన చెప్పులు వేసుకుంటూ, ఈ మధ్య కడుపు ఒకలా ఉంటోంది, రోజుకు నాలుగుసార్లు వెళ్ళాల్సొస్తోంది అంది. చూర్ణం పని అదే కదా, లోపలంతా కడిగేస్తోంది అన్నాను. అది కాదు, అని ఏదో చెప్పబోయింది. అప్పుడే చెమట పట్టించే ఆవిరిపెట్టె గదిలోంచి లావుపాటి బ్యాంకు మేనేజరు తలుపు తీయమని కేకలు పెట్టాడు. నేను పరుగెత్తాను. తిరిగొచ్చి ఏమిటన్నావు అంటే, ఏం లేదులే, వచ్చే నెల ఆఫీసు యూనిఫాం కోటు ఇంకా వదులైపోతుందేమో అంటున్నాను అంది.

మే 26

డెబ్బై రెండున్నర! అన్నయ్య ఫోన్లో, నీ వదిన వెనక నుంచి చూస్తే కొత్తమనిషిలా ఉందే అన్నాడు. ముందు నుంచి చూడరాదా అన్నాను.

జులై 9

టైలరమ్మ మీద నోరు పారేసుకున్నాను.

మా మెట్ల కింద గదిలో ఆవిడ మిషను. నా పేషెంట్లు చిక్కినకొద్దీ ఆవిడకు పని. మీ కషాయం పుణ్యమా అని నా మిషను ఆగడం లేదని ఎప్పుడూ అంటుంది. పొద్దున వదిన యూనిఫాం కోటు చేత్తో పట్టుకుని పైకి వచ్చింది. డాక్టరుగారూ, ఒక మాట అంటాను, తప్పుగా అనుకోవద్దంది. మీ మందుతో తగ్గినవాళ్ళకు ముందు నడుము వదులవుతుంది, తరవాత చేతులు, భుజాలు ఎప్పటికో గానీ మారవు. ఈవిడకు మొదట భుజాలే జారాయి. మెడ దగ్గర కాలరు నిలబడటం లేదు. కొవ్వు ఉన్నచోట కాదు, లేనిచోట పోతోందమ్మా అంది. టేపు మెడలోనే వేలాడుతోంది, నోట్లో రెండు గుండుసూదులు, వాటి మధ్య నుంచే చెప్పింది.

అవతల నలుగురు పేషెంట్లు కూర్చుని వింటున్నారు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు కుట్లు చూసుకో, మనుషులను నేను చూసుకుంటాను అన్నాను.

గుండుసూదులు తీసి కోటు అంచుకు గుచ్చుకుని, సరేనమ్మా అని దిగిపోయింది.

ఆగస్టు 2

ఫోటో తీయించాం. పాత ఫోటో పక్కన కొత్తది వేసి బ్యానరు చేయిస్తున్నాను. అరవై నాలుగున్నర. ఏడు నెలల్లో ఇరవై నాలుగు కిలోలు, షుగరు కూడా దిగింది. ఇంతకంటే ఏం కావాలి?

వదిన మొదట వద్దంది. పార్సిల్ కౌంటర్లో కూర్చునేదాన్ని, గోడలెక్కితే బాగుంటుందా అంది. నా కోసం అని బతిమాలాను. నీ కోసమే అయితే సరే అంది. ఫోటోగ్రాఫరు రెండుసార్లు లైటు మార్చి, అమ్మగారి మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తోంది, కొంచెం రంగు వేయండి అన్నాడు. నా పర్సులోంచి లిప్‌స్టిక్ తీసి, వదిన బుగ్గలకు నేనే రాసి, వేలితో సర్దాను. చర్మం చల్లగా తగిలింది. ఏసీ గది కదా అనుకున్నాను.

ఆగస్టు 11

బ్యానరు కట్టారు. వంతెన మీద బస్సులో వెళ్ళేవాళ్ళకు కూడా కనబడుతోంది.

సెప్టెంబర్ 18, మధ్యాహ్నం 2.15

వదిన కౌంటర్ దగ్గర పడిపోయిందట. క్యూలో ఉన్నవాళ్ళే పట్టుకున్నారు. ఆఫీసువాళ్ళు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆటోలో ఉన్నాను. భోజనం మానేసి ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

సెప్టెంబర్ 18, సాయంత్రం 5.40

హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఒకటి. మళ్ళీ చూపించమన్నాను. అదే.

సెప్టెంబర్ 23

పెద్దపేగులో గడ్డ. కెమెరా గొట్టం ముందుకు వెళ్ళడానికి దారి లేదన్నారు. బయాప్సీ రావాలి గానీ, వాళ్ళ మొహాల్లో ముందే వచ్చేసింది.

సర్జనుగారు నాకంటే పదిహేనేళ్ళు చిన్నావిడ. నెమ్మదిగా మాట్లాడుతారు. అన్నయ్యనూ నన్నూ కూర్చోబెట్టి, విరేచనాల్లో మార్పు ఎప్పటినుంచి, రక్తం ఎప్పటినుంచి, బరువు అనుకోకుండా తగ్గడం ఎప్పటినుంచి అని అడిగారు. అన్నయ్య నా వైపు చూశాడు. మా చెల్లెలే డాక్టరండీ, అన్నీ తనే చూస్తుంది అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. ఇప్పటికీ.

రెండు నెలల నుంచి అని చెప్పాను.

నాకేం తెలుసని చెప్పాను? గాల్లోంచి తీసి చెప్పాను. రెండు నెలలైతే చిన్న తప్పులా వినిపిస్తుందని చెప్పాను.

సెప్టెంబర్ 24

పొద్దున్నే క్లినిక్కు వెళ్ళి వదిన షీటు తీశాను. పైన పేరు, వయసు. నాడి గడి ఖాళీ. మూత్రం ఖాళీ. మలం ఖాళీ. నాలుక, గొంతు, స్పర్శ, కళ్ళు, ఆకారం, ఒక్క చుక్క సిరా లేదు. తొమ్మిదో గడి మాత్రం కిక్కిరిసి ఉంది. చోటు చాలక మార్జిన్‌లో రాశాను, అదీ చాలక వెనక తిప్పి రాశాను. వారం వారం, ఎర్ర సిరాతో, ప్రతి అంకె కింద గీత.

వందలమంది మలం రంగు నా పుస్తకాల్లో ఉంది. నా ఇంటి మనిషిది లేదు.

కుర్చీలోంచి లేచి నాన్న ఫోటో వైపు తిరిగాను. ఆయన ఉండి ఉంటే ఏమీ అనేవారు కాదు. షీటు నా చేతికి తిరిగిచ్చి, నింపుకుని రా అనేవారు. చిన్నప్పుడు అంతే చేసేవారు. ఎక్కడ నింపుకుని రాను ఇప్పుడు?

మధ్యాహ్నం సర్జనుగారి గది బయట గంటన్నర కూర్చుని, నేను నిన్న చెప్పింది నిజం కాదని చెప్పాను. ఏప్రిల్లోనే తను నాతో అందని, నేనే మందు పని చేస్తోందని కొట్టిపారేశానని చెప్పాను. ఆవిడ కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. కాగితం మీద తేదీ దిద్దుకుని, మీ మందు వల్ల వచ్చింది కాదండీ ఇది, ఆ భయం పెట్టుకోకండి అన్నారు. ఏప్రిల్లో వచ్చి ఉంటే అని అడిగాను. పెన్ను మూత పెట్టి, బహుశా ఆపరేషనుతో సరిపోయేది అన్నారు. ఇప్పుడు ఆపరేషను తరవాత ఆరు నెలలు కీమో. ఆపైన చూడాలి.

సెప్టెంబర్ 25

బ్యానరు ఇంకా వేలాడుతూనే ఉంది. అటు నుంచి కాక వెనక సందులోంచి వచ్చాను.

సెప్టెంబర్ 30

ఆపరేషను ఐదు గంటలు పట్టింది. కారిడార్లో నీలం ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన నాణెం వేస్తే కాఫీ ఇచ్చే మిషను. అది పాడైంది. వచ్చినవాళ్ళంతా దాన్ని ఒకసారి కొట్టి వెళ్తున్నారు.

అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. ముప్ఫై ఏళ్ళుగా పక్కసీట్లో కూర్చుని, తన వైపు ఉన్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉండే ఉద్యోగం. కుర్చీలో కూర్చున్నా ఆ కుడికాలు నేల మీద నొక్కుతూనే ఉంది. దాని మొహం పాలిపోవడం నేనూ చూశానే, రాత్రిళ్ళు లేవడం చూశాను, గిన్నెలో సగం వదిలేయడం చూశాను అన్నాడు. నువ్వు చూస్తున్నావు కదా అని నేను చూడ్డం మానేశాను అన్నాడు.

నన్ను అనలేదు. తనను తనే అనుకున్నాడు. అందుకే భరించలేకపోయాను. లేచి వెళ్ళి ఆ కాఫీ మిషనును నేనూ కొట్టాను.

సర్జనుగారు బయటికొచ్చి, గడ్డ మొత్తం తీశాం, పక్కన గ్రంథులకు పాకింది, లివరు మాత్రం శుభ్రంగా ఉంది అన్నారు. లివరు శుభ్రంగా ఉంది అనే మాటను ఇంటిదాకా నోట్లో వేసుకుని చప్పరిస్తూ వచ్చాను.

అక్టోబర్ 4

వదిన గొంతు ఈరోజు కాస్త పెగిలింది. అన్నయ్య టీ తాగడానికి దిగాడు. నన్ను దగ్గరకు రమ్మని, ఒకటి చెప్తాను, కొట్టకూడదు అంది.

మార్చిలోనే చూర్ణం మానేసిందట. కషాయం అంతకుముందే సింకులో పోయడం మొదలుపెట్టిందట. ఫిబ్రవరి ఆఖర్లో రక్తం కనబడింది. మందు వేడి చేసిందనుకుంది. మానేస్తే అదే తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. అయితే మొలలేమో అనుకుంది. అప్పటికే నువ్వు బరువు చూసి మురిసిపోతున్నావు, నీ మందు నాకు పడలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను అంది. ఏప్రిల్లో ఒకరోజు తెగించి చెప్పబోయిందట, నేను ఎవరో పిలిస్తే వెళ్ళిపోయానట. ఆ ఎవరో నాకు తెలుసు. ఆవిరిపెట్టెలో బ్యాంకు మేనేజరు. తరవాత ఫోటో తీశారు, బ్యానరు కట్టారు. ఇక చెప్తే నీ పరువేం కావాలి అంది.

నా పరువు. ఏడు నెలలు రక్తం పోతుంటే, నా పరువు కోసం నోరు మూసుకుంది.

మందు ముట్టని మనిషిని వారం వారం తూచి, నా మందు గొప్పదని చంకలు గుద్దుకున్నాను. ఆమె చెప్పలేదు. నిజమే. కానీ చెప్పకపోయినా తెలుసుకోవడానికే కదా ఆ ఎనిమిది గళ్ళు ఉన్నవి. అడిగి ఉంటే చెప్పేది. చెప్పకపోతే నాలుక చెప్పేది. కనురెప్ప కింద ఎరుపు లేకపోవడం ఎల్‌కేజీ పిల్లకు కూడా కనబడుతుంది. నేను ఆ తెల్లబడ్డ మొహానికి లిప్‌స్టిక్ రాశాను.

నేనూ చెప్పాను. తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా నీ మణికట్టు పట్టుకోలేదు వదినా అన్నాను. ఓస్ అదా, నేనే కదా చెయ్యి లాక్కున్నది అంది. లాక్కుంటే మళ్ళీ పట్టుకోవాలి, అది నా పని, పేషెంటు పని కాదు అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ముప్ఫై ఏళ్ళుగా ఎంతోమందిని ఓదార్చినదాన్ని, వదిన దుప్పటి కొసతోనే ముక్కు తుడుచుకున్నాను.

వదిన సూది లేని చెయ్యి దుప్పట్లోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. ఇదిగో పట్టుకో, చక్కిలిగింతలు పెట్టినా లాక్కోను అంది. మూడు వేళ్ళు ఆనించాను. సన్నగా, తొందరగా, దారి తప్పినదానిలా కొట్టుకుంటోంది. ఇది జనవరిలో ఎలా ఉండేదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. నేను అలా ఎంతసేపు పట్టుకున్నానో, వదినే విసుగెత్తి, చెప్పవే మరి, అబ్బాయా అమ్మాయా అంది.

ఇద్దరం నవ్వేశాం. నర్సు వచ్చి, కుట్లు ఊడతాయి, ఆవిడను నవ్వించేవాళ్ళు బయటికెళ్ళండి అంది.

అక్టోబర్ 5

బ్యానరు విప్పించాను. నిచ్చెన వేసినతను, బాగానే ఉంది కదమ్మా, ఇంకో ఏడాది వస్తుంది అన్నాడు.

తరవాత టైలరమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడు నెలలుగా మెట్లు ఎక్కుతూ దిగుతూ మొహం తిప్పుకుంటున్నాం. ఏం చెప్పాలో దారిలో కూడబలుక్కున్నాను. నువ్వు చూసింది నేను చూడలేదు, క్షమించు అన్నాను. ఆవిడ మిషను ఆపలేదు. ఆ వరస కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు స్టూలు నా వైపు జరిపింది. ఎలా ఉన్నారావిడ అని అడిగింది. చెప్పాను.

లేచి, వదిన కోటు హ్యాంగరు మీదనుంచి తీసుకొచ్చింది. పడిపోవడానికి ముందు వారం మళ్ళీ చిన్నది చేయమని వదిన ఇచ్చిందట. లోపలి వైపు తిప్పి చూపించింది. పక్కకుట్టు పొడుగునా నాలుగు వరసలు, ఒకదాని పక్కన ఒకటి. తగ్గిన ప్రతిసారికీ ఒకటి. మిగిలిన గుడ్డ అంతా లోపలే మడిచి ఉంది. మిగతా అందరివీ ఎక్కువైన గుడ్డ కత్తిరించేస్తాను, బరువుగా ఉంటుందని వాళ్ళే అడుగుతారు, ఈవిడది మాత్రం కత్తెర పెట్టబుద్ధి కాలేదు అంది. ఒళ్ళు తిరిగొస్తే కావాలి కదా అంది.

కోటు ఒళ్ళో పెట్టుకుని అక్కడే చాలాసేపు కూర్చున్నాను. ఆవిడ మిషను మళ్ళీ మొదలుపెట్టింది.

నవంబర్ 12

వదినకు రెండో కీమో. నా కషాయాలేవీ ఇప్పుడు ఇవ్వొద్దని క్యాన్సర్ డాక్టరుగారు ముందే చెప్పారు. మందులు ఒకదానితో ఒకటి కలబడతాయట. సరేనన్నాను. అల్మారా నిండా సీసాలున్న వైద్యురాలిని, చేతిలో వాంతి గిన్నె పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే గిన్నె బాగానే పట్టుకుంటాను.

సాయంత్రాలు పాత షీట్లు తీసి ఖాళీ గళ్ళు వెతుకుతున్నాను. ఈ ఏడాదివి రెండొందల పద్నాలుగు షీట్లలో ముప్ఫై ఒకటి. అందరికీ ఫోన్లు చేస్తున్నాను. పొద్దున సంగీతం మాస్టారు వచ్చారు. ఏ ప్రయత్నమూ లేకుండా నాలుగు కిలోలు పోయాయి, మీ చేతి మహిమ అంటూ స్కేలు మీద నిలబడి మెచ్చుకోలు కోసం చూస్తున్నారు. దిగమన్నాను. చెయ్యి పట్టుకున్నాను, నాలుక చాపమన్నాను, అడగాల్సినవన్నీ అడిగి, రక్తపరీక్షకు చీటీ రాశాను. ప్రయత్నం లేకుండా తగ్గితే నాకు భయం మాస్టారూ అన్నాను. తగ్గించడానికి వస్తే తగ్గానని భయపెడతారేమిటి అని విసుక్కుని, చీటీ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. వెనకాలే మెట్లు దిగి వీధి చివరిదాకా వెళ్ళి జేబులో పెట్టివచ్చాను. పరీక్ష చేయించుకున్నారో లేదో తెలియదు.

డిసెంబర్ 3

వదిన జుట్టు పోయింది. ఆఫీసునుంచి తెప్పించుకున్న పార్సిల్ స్టిక్కరు ఒకటి ఛాతీ మీద అంటించుకుని కీమోకి వచ్చింది. పగిలే వస్తువు, జాగ్రత్తగా దించవలెను. నర్సులందరూ వచ్చి చూసి వెళ్ళారు. అన్నయ్య మాత్రం నవ్వలేదు. ఆ స్టిక్కరును జాగ్రత్తగా ఊడదీసి తన పర్సులో పెట్టుకున్నాడు.

డిసెంబర్ 20

ఒక్కరోజు కూడా నిందించదు. నిందిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని, ఆ మాటలన్నీ నేనే నాకు చెప్పుకుంటున్నాను. వదిన గొంతుతో చెప్పుకోబోతే రావడం లేదు. నా గొంతుతోనే వస్తున్నాయి.

జనవరి 6

కొత్త డైరీ. సరిగ్గా ఏడాది.

వదిన ఇంటికే షీటు తీసుకెళ్ళాను. ఈసారి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, అన్నయ్యను పాలు తెమ్మని బయటికి పంపి, మొదటి గడి నుంచి మొదలుపెట్టాను. నాడి నిదానంగా ఉంది, అక్టోబర్ కంటే నిండుగా ఉంది. మూత్రం గురించి అడిగాను. విరేచనం గురించి, ఎన్నిసార్లు, ఎలా, ఏ రంగు, అన్నీ అడిగాను. వదిన మొదట సిగ్గుపడి, తరవాత పగలబడి నవ్వి, ఇన్నేళ్ళలో మనమిద్దరం ఇంత మనసువిప్పి ఎప్పుడూ మాట్లాడుకోలేదే అంది. నాలుక మీద పుళ్ళున్నాయి. గొంతు బొంగురు. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి, కాసేపు నా చేతుల్లో పెట్టుకున్నాను. కనురెప్ప లాగి చూశాను. లేత గులాబీ. తెలుపు కాదు. రెండో కన్ను కూడా చూశాను. ఆకారం గడి దగ్గర ఏం రాయాలో తోచలేదు. కొద్దిసేపు చూసి, వదిన అని రాశాను.

ఎనిమిదీ నిండాయి. మందేమీ రాయలేదు. రాయడానికి నాకు అనుమతి లేదు. ఎనిమిది గళ్ళూ నింపి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన కేసు నా జీవితంలో ఇదొక్కటే. చేతినిండా మందులిచ్చి ఖాళీ షీటు దాచుకున్నదీ ఇదే కేసు.

తొమ్మిదో గడి దగ్గర ఆగాను. స్కేలు సంచిలోనే ఉంది. పోయినసారి ఆసుపత్రిలో యాభై నాలుగు పాయింట్ ఎనిమిది. ఇంకా తగ్గి ఉంటే? నా భయం వదినకు కనబడింది. ఇప్పుడు తూకమొద్దులే, ఈ పార్సిలు ఇంకా కట్టడం అవలేదు అంది.

ఖాళీగానే మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 18

క్లినిక్‌లో స్కేలును తలుపు వెనక పెట్టించాను. అడిగినవాళ్ళకే తీస్తున్నాను, అదీ ఆఖర్న. నలుగురు రావడం మానేశారు. కీళ్ళ ముసలమ్మ ఒకావిడ, మెట్లెక్కలేక కింద టైలరమ్మ స్టూలు మీద కూర్చుని కబురు పెట్టింది. దిగి వెళ్ళాను.

మార్చి 14

ఆఖరి కీమో అయింది. స్కాను వచ్చే నెల. సర్జనుగారు కారిడార్లో కనబడి, ఇప్పటికి ఏమీ చెప్పలేం, కానీ బాగానే ఉన్నారు అన్నారు. ఇప్పటికి అనే మాటను ఇదివరకు నేనూ చాలామందికి చెప్పాను. అది వినేవాళ్ళకు ఎంత పొడుగ్గా ఉంటుందో తెలియకుండానే చెప్పాను.

వదిన వచ్చే వారం నుంచి రోజుకు రెండేసి గంటలు ఆఫీసుకు వెళ్తానంటోంది. కోటు ఇస్త్రీ చేయించమంది.

మార్చి 29

కోటు చంకల దగ్గర పట్టేస్తోందని వదిన ఫిర్యాదు. టైలరమ్మ ఒక వరస కుట్టు విప్పింది. తొమ్మిదో గడిలో అదే రాశాను.